జిగురు పెట్టెకి మిగిలిన ఏడు కప్పులు

మఖ కార్తె, రెండో రోజు. మిగిలిన కప్పులు: 7

తేదీ, వాడిన కప్పులు, వచ్చిన అంకె. ఈ పుస్తకంలో ఇన్నాళ్ళూ ఇంతే రాశాను. ఇవాళ్టి నుంచి 'వివరం' అనే గడి కూడా నింపమన్నారు డాక్టరమ్మ. మెట్ట నుంచి లాంచీ రాక రెండు నెలలైంది. రేపు నేను లేకపోయినా, ఈ పెట్టె పట్టుకునేవాళ్ళకి ఏం జరిగిందో తెలియాలట. నేను లేకపోవడమేమిటో! గట్టు దిగితే నాలుగు వైపులా ఉప్పునీళ్ళు, ఎక్కడికి పోతాను?

సరే, రాస్తున్నాను. నా పేరు నూకరత్నం. ఆరో గట్టు ఆసుపత్రిలో జిగురు పెట్టె నడపడం నా పని. దాని అసలు పేరు మూడు మూరల పొడుగుంటుంది, ఎవరికీ నోరు తిరగదు. రక్తంలో ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి ఎంత గట్టిగా అతుక్కుంటున్నాయో అది అంకెలో చెబుతుంది. అంకె రెండు వందలు దాటితే గుండె రక్తనాళంలో పెట్టిన స్టెంట్‌లో గడ్డకట్టి మూసుకుపోతుంది. ఎనభై కంటే కిందికి దిగితే మనిషి ఎక్కడో ఒకచోట రక్తం కారి పోతాడు. అంకెని ఈ రెంటి మధ్య నిలబెట్టడానికి డాక్టరమ్మ బిళ్ళ ఇస్తారు. ఎంత బిళ్ళో నా అంకెని బట్టి ఉంటుంది. పరీక్షకి ఒక కప్పు ఖర్చు. వాడిన కప్పు మళ్ళీ పనికిరాదు.

మా దగ్గర ఈ పెట్టె లేకుండా స్టెంట్ జోలికి పోకూడదు. మేం తినేది నాచు రొట్టె, పొద్దున రెండు, సాయంత్రం రెండు. తొట్లలో పెంచే ఆ నాచు కడుపు నింపుతుంది, రక్తాన్ని పలచన చేస్తుంది. వేలికి ముల్లు గుచ్చుకుంటే మాకు పావుగంట కారుతుంది. దాన్ని గట్టు రక్తం అంటారు.

ఇవాళ మా ఇళ్ళ వరసలోని సన్యాసమ్మకి స్టెంట్ వేశారు. బల్ల ఎక్కగానే మణికట్టు నుంచి రక్తం తీసి చూస్తే 212. గట్టు మనిషికి అంత ఎప్పుడూ చూడలేదు. "ఈవిడది మెట్ట రక్తంలా ఉందే!" అన్నారు డాక్టరమ్మ. నిండు బిళ్ళ ఇచ్చి, పని ముగిసేటప్పుడు మళ్ళీ చూస్తే 120. బంగారం లాంటి అంకె. రెండు కప్పులు ఖర్చు.

సన్యాసమ్మ ఇంటికి రెండు రొట్టెలు పట్టుకెళ్ళాలి. మరిచిపోతానని రాసుకుంటున్నాను.

మఖ కార్తె, పదో రోజు. మిగిలిన కప్పులు: 6

సన్యాసమ్మని మంచం మీద మోసుకొచ్చారు. చిగుళ్ళ నుంచి రక్తం, కడుపులో రక్తం. ఒక కప్పు వాడాను. అంకె 31.

"నీ పెట్టె చెడిందా రత్నం?" అన్నారు డాక్టరమ్మ.

డాక్టర్ మెహరున్నీసా మెట్ట మనిషి. ఇక్కడికొచ్చి ఏడాదైంది. మంచావిడే, కానీ ఏది తేడా వచ్చినా ముందు పెట్టెని అనుమానిస్తారు. నా బిడ్డని ఎవరో దొంగ అన్నట్టు ఒళ్ళు మండింది. "పెట్టె బాగానే ఉందండీ. మనిషే మారింది," అన్నాను. ఆ మాట ఎంత నిజమో అప్పుడు నాకు తెలీదు.

బిళ్ళ ఆపేశారు.

మఖ కార్తె, పన్నెండో రోజు. మిగిలిన కప్పులు: 4

బిళ్ళ ఆపిన రెండో నాడు స్టెంట్ మూసుకుపోయింది. సన్యాసమ్మ పోయింది.

పెట్టె సంగతి తేల్చుకోవడానికి రెండు కప్పులు వాడాం. మెట్ట నుంచి తెచ్చుకున్న బియ్యం తినే డాక్టరమ్మకి 238. నాచు తినే నాకు 97. ఎవరికి ఎంత రావాలో అంతే వచ్చింది. పెట్టె నిర్దోషి అని తేలింది. దానికి నేను సంతోషపడ్డాను, సిగ్గులేకుండా.

డాక్టరమ్మ ఆలోచించి ఒక మాటన్నారు. "గుండె నాళాలు పూడుకుపోయేది జిగురు ఎక్కువున్నవాళ్ళకేనేమో. మిగతా గట్టు వాళ్ళకంటే వాళ్ళ రక్తం పుట్టుకతోనే వేరేమో." నాకూ సబబుగానే తోచింది. మరి వారంలో 31కి ఎలా పడింది? ఒళ్ళు బిళ్ళకి లొంగిపోయి ఉంటుందనుకున్నాం. ఇద్దరం తెలివైనవాళ్ళమే కదా, ఏదో ఒకటి అనుకోవాలి.

పుబ్బ కార్తె, మొదటి రోజు. మిగిలిన కప్పులు: 4

మెట్ట నుంచి రేడియోలో కబురు. లాంచీ ఇక రాదు. ఈ ఏడా, ఎప్పటికీనా అని డాక్టరమ్మ మూడుసార్లు అడిగారు. అవతల మనిషి మూడుసార్లూ 'రాదు' అనే అన్నాడు.

ఈ పొద్దున మా ఆయన అప్పలకొండ గట్టు బీటలు పూడుస్తూ గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఆయన గట్టు మేస్త్రీ. ఆసుపత్రికి తెచ్చేసరికి నొప్పి తగ్గింది. రెండు నాళాలు సన్నబడ్డాయి, నాలుగో నాడు స్టెంట్ వేద్దామన్నారు డాక్టరమ్మ.

"పెట్టెలో కప్పులున్నాయేటే?" అన్నాడు నాతో.

"నీకు సరిపడా ఉన్నాయిలే మావా."

"నాకు సరిపోతే సాలా? ఎనకాలొచ్చేవోళ్ళకి?"

ముందు నీ సంగతి చూసుకో అని కసిరాను. ఏడుపొస్తే నాకు కసరడమే వస్తుంది.

ఇంటికొచ్చి రొట్టెలు పంచడం మొదలుపెట్టాను. ఎవరైనా ప్రాణం మీదికి తెచ్చుకునే పనికి వెళ్తుంటే, మూడు రోజుల ముందు నుంచీ తన వాటా రొట్టె తను తినడు. వరసలో ఇంటికొకటి చొప్పున పంచుతాడు. తీసుకున్న ఇల్లు, ఆ మనిషి తిరిగొచ్చాక రెండు తెచ్చి ఇస్తుంది. నువ్వు మాకు బాకీ, మేం నీకు బాకీ, కాబట్టి తిరిగి రా అని దాని అర్థం. దాని గురించి పైకి మాట్లాడకూడదు, మాట్లాడితే ఫలించదు. మూడు రోజులకి పన్నెండు రొట్టెలు, పదకొండిళ్ళు. మిగిలిన ఒకటి గట్టు బీటలో పెట్టి వస్తాం. ఆయనకి దాచిన చోడిపిండితో అంబలి కాచాను. అదే ఆఖరి డబ్బా.

పుబ్బ కార్తె, నాలుగో రోజు. మిగిలిన కప్పులు: 2

బల్ల మీద ఆయన రక్తం నా చేత్తో నేనే కప్పులో పోశాను. 221.

డాక్టరమ్మ తల ఊపారు. "చూశావా? నేనన్నదే." నిండు బిళ్ళ పొడి చేసి మింగించారు. మణికట్టులోంచి తీగ పంపి రెండు స్టెంట్లు పెట్టారు. ఆఖర్న మళ్ళీ చూశాను. 118.

అంకె వచ్చేదాకా ఊపిరి తీసుకోలేదు. వచ్చాక ఆయన చెవిలో, "నూట పద్దెనిమిది మావా," అన్నాను. "అంటే ఏటి?" అన్నాడు. "అంటే బతికావని." పెట్టె మీద చెయ్యేసి మొక్కాను. డాక్టరమ్మ చూసి నవ్వారు.

పుబ్బ కార్తె, ఏడో రోజు. మిగిలిన కప్పులు: 2

నిన్న ఇంటికి తెచ్చాం. పొద్దున్నుంచీ గుమ్మం ఖాళీ లేదు. పదకొండిళ్ళూ వచ్చాయి, ఇరవై రెండు రొట్టెలు. సన్యాసమ్మ కోడలు కూడా తెచ్చింది, అత్త పోయి పదిరోజులైనా కాకుండానే. తెచ్చిన వాళ్ళ ఎదుట ఒక ముక్కయినా తినాలి, మిగతావి రెండు రోజుల్లో పూర్తి చెయ్యాలి. ఆయన గోడకి ఆనుకుని దర్జాగా తిన్నాడు. మూడు రోజుల అంబలి ఆకలి మీదున్నాడు మరి.

"ఒసే, ఇన్ని రొట్టెలెప్పుడైనా సూశావేటి? స్టెంటేయించుకుంటే ఇంత భోగమని తెల్దు నాకు."

ఆయన బిళ్ళ వేళకి మింగించాను. బిళ్ళ, రొట్టె, మంచినీళ్ళు. నా చేత్తోనే.

పుబ్బ కార్తె, తొమ్మిదో రోజు. మిగిలిన కప్పు: 1

గడ్డం గీసుకుంటుంటే తెగిన గాటు గంటైనా ఆగలేదు. వీపు మీద నల్లటి మచ్చలు. ఆసుపత్రికి నడిపించుకెళ్ళాను. ఒక కప్పు. అంకె 38.

డాక్టరమ్మ కాగితం తీసి మొదటి నుంచీ అడగడం మొదలుపెట్టారు. ఏం తిన్నాడు, ఎప్పుడు తిన్నాడు.

"ఇంట్లో ఎప్పుడూ తినేదేనండీ," అన్నాడాయన.

"ఇంటికొచ్చాక కొంచెం ఎక్కువ తిన్నాడు," అన్నాను నేను. "ముందు పంచాం కదా, అవి తిరిగొచ్చాయి."

డాక్టరమ్మ కలం ఆగింది. "ఏం పంచారు?"

"రొట్టెలు."

"ఎప్పుడు?"

"బల్ల ఎక్కే ముందు మూడు రోజులు..." అన్నాను. మాట సగంలో ఉండగానే మొత్తం కనిపించింది నాకు. ఆ మూడు రోజులూ నాచు తినలేదు, కాబట్టి జిగురు పెరిగింది. పెరిగిన జిగురుకి నిండు బిళ్ళ ఇచ్చాం. ఇంటికొచ్చి దాదాపు మూడింతలు నాచు తిన్నాడు. బిళ్ళ, నాచు కలిసి రక్తాన్ని నీళ్ళు చేశాయి.

"సన్యాసమ్మ కూడా?" అన్నారు డాక్టరమ్మ.

"అందరూ పంచుతారండీ. ఆవిడ రొట్టె మా ఇంట్లో తిన్నాం. తిరిగొచ్చాక రెండు పట్టుకెళ్ళి నేనే తినిపించాను."

"నాకెందుకు చెప్పలేదు రత్నం?"

ఏం చెప్పను? అది చెప్పాల్సిన విషయమని తోచలేదు. పొద్దున లేచి మొహం కడుక్కున్నామని ఎవరికైనా చెబుతామా? మెట్ట మనిషికి తెలీదు, తప్పు కాదు. నేను గట్టు మీద పుట్టాను. ఆయన రొట్టెలు పదకొండిళ్ళకీ నేనే తిప్పాను. ఆ చేతుల్తోనే వచ్చి, 221 అని ఈ పుస్తకంలో రాశాను. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. డాక్టరమ్మ తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు.

బిళ్ళ మొత్తం ఆపితే సన్యాసమ్మలా స్టెంట్ మూసుకుపోతుంది. అందుకని సగం చేశారు. నాచు పూర్తిగా మానమన్నారు. మానేసి ఏం తినాలి? చోడిపిండి అయిపోయింది. గట్టు మీద ఇంకేముంది? డాక్టరమ్మ తన బియ్యం సంచిలో సగం నా చేతిలో పెట్టారు. రెండు రోజులకొస్తుంది.

పుబ్బ కార్తె, పదకొండో రోజు. మిగిలిన కప్పు: 1

ఆఖరి కప్పు ఇప్పుడు వాడొద్దని ఆయనే అన్నాడు. డాక్టరమ్మ పాతకాలపు పద్ధతి నేర్పారు. ముంజేతి మీద సూదితో చిన్న గాటు పెట్టి, అర నిమిషానికోసారి కాగితంతో అద్దడం. మరక పడటం ఆగేదాకా లెక్కపెట్టడం. ఈ పుస్తకం చివరి కాగితాలు చింపి వాడుతున్నాను. నిన్న నలభై రెండు మరకలు, ఇవాళ ముప్ఫై ఆరు. తగ్గుతోంది.

"పిల్లకి అట్లేసినట్టు వరసగా బాగానే ఏస్తన్నావే," అన్నాడు మరకలు చూసి. నవ్వాను.

వరసలో ప్రతి ఇంటికీ వెళ్ళి చెప్పాను, ఆయనకి రొట్టె పెట్టొద్దని. అందరూ సరేనన్నారు.

ఉత్తర కార్తె, మూడో రోజు. మిగిలిన కప్పు: 1

అప్పలకొండ పోయి నాలుగు రోజులైంది. ఇప్పటికి రాయగలుగుతున్నాను.

బియ్యం అయిపోయాక చేపల పులుసు నీళ్ళ మీద ఉంచాను. నేను ఆసుపత్రికి వెళ్ళిన సమయంలో ఆకలేసి గుమ్మంలో కూర్చునేవాడట. పక్కింటి వాళ్ళు చూడలేక ఒక రొట్టె ఇచ్చారు. ఎదురింటి వాళ్ళు ఒకటి. ఆ చివరింటి వాళ్ళు ఒకటి. ఎవరికి వాళ్ళు ఇచ్చింది ఒకటే. తలనొప్పి అన్నాడు, మాట ముద్దగా వచ్చింది, తలలో రక్తం. కప్పు తీసేలోపే కళ్ళు తేలేశాడు.

ఏడుస్తూ అందరూ ఒకే మాట అన్నారు. "ఒక్కటే కదా అనుకున్నామమ్మా." వాళ్ళ మీద అరవాలని నోరు తెరిచాను. ఇరవై రెండూ తినిపించిన దాన్ని, ఏ మొహంతో అరవను?

మధ్యాహ్నం నాలుగిళ్ళ అవతలి పారమ్మ వచ్చింది. ముప్ఫై ఎనిమిదేళ్ళది, తొట్లలో నాచు తీసే మనిషి. చేతిలో రొట్టె. ఆమెకి మూడు రోజుల్లో స్టెంట్.

"తీసుకో ఒదినా."

"నీ రొట్టె నువ్వే తిను పారమ్మా. నా ఎదురుగా తిను. మీ అన్న ఎలా పోయాడో చెప్పాను కదా."

దాని మొహం పాలిపోయింది. "అంటే... నాను తిరిగి రాననా?"

"రావాలనే చెప్తున్నానే తల్లీ!"

కాళ్ళ మీద పడ్డంత పని చేశాను. అది రొట్టె కొంగులో దాచుకుని ఏడుస్తూ వెళ్ళిపోయింది. సాయంత్రానికి వరసంతా తెలిసింది, రత్నం పారమ్మ రొట్టె కాదందని. మొగుడు పోయి మతి పోయిందన్నారట. ఎవరూ నాతో మాట్లాడటం లేదు.

ఉత్తర కార్తె, ఆరో రోజు. మిగిలిన కప్పులు: 0

పారమ్మ బల్ల ఎక్కింది. కప్పు తీసే ముందు అడిగాను. "పంచావా?"

"లేదొదినా." కళ్ళు పక్కకి తిప్పుకుంది. పైకి మాట్లాడితే ఫలించదు కదా.

ఆఖరి కప్పు. అంకె 219.

డాక్టరమ్మా నేనూ మొహాలు చూసుకున్నాం. అది పారమ్మ అసలు అంకె కాదు. అసలుది ఎంతో తెలుసుకోవడానికి ఇంకో కప్పు లేదు. ఆగుదామంటే నాళం పూర్తిగా మూసుకుపోయే స్థితిలో ఉంది. డాక్టరమ్మ సగం బిళ్ళ ఇచ్చి స్టెంట్ పెట్టారు. ఇంటికెళ్ళాక నాచు రొట్టె రోజుకి రెండు, అంతకు మించకుండా తింటే సరిపోవచ్చన్నారు. సరిపోవచ్చు. ఇంత చదువుకున్న మనిషి నోట అంతకంటే గట్టి మాట రాలేదు.

పని ముగిశాక పెట్టె తుడిచి గుడ్డ కప్పాను. ఇక దాంతో పని లేదు.

ఉత్తర కార్తె, ఎనిమిదో రోజు. మిగిలిన కప్పులు: 0

నిన్న మా ఇల్లు పోగా మిగతా పదిళ్ళూ తిరిగాను. రొట్టెలు తిరిగివ్వొద్దని చేతులు పట్టుకుని బతిమాలాను. తొమ్మిదిళ్ళలో అదే జవాబు. "మా ఇంటివి రెండే కదా రత్తమ్మా." సన్యాసమ్మ కోడలు మాత్రం, "తేకపోతే పారమ్మ మనసులో ఏటనుకుంటాది?" అంది.

అందుకే ఇవాళ తెల్లారగానే వచ్చి పారమ్మ గుమ్మంలో కూర్చున్నాను. పుస్తకం వెంట తెచ్చుకున్నాను. వచ్చిన వాళ్ళకల్లా ఒకే అబద్ధం చెబుతున్నాను. డాక్టరమ్మ లోపలికి ఎవరినీ రానివ్వద్దన్నారు, ఇటివ్వండి, నేను తినిపిస్తాను. మొగుడు పోయినదాన్ని, ఆసుపత్రి దాన్ని. ఎదురు చెప్పలేక ఇచ్చి వెళ్తున్నారు. గుమ్మం దగ్గరే నిలబడి లోపల నుంచి "తింతన్నానొదినా" అన్న పారమ్మ గొంతు విని మరీ వెళ్తున్నారు. అలా అనమని నేనే చెప్పాను. కానీ ఆమె అబద్ధమాడటం లేదు, తన వాటా రెండు ఆమె నిజంగానే తింటోంది. తేనివాళ్ళున్నారని ఆమె అనుకోకుండా ఉంటే చాలు.

ఇరవై రొట్టెలు. నీళ్ళలో పడేస్తే తేలుతాయి, గట్టంతా చూస్తుంది. ఆసుపత్రికి పట్టుకెళ్తే దారిలో చూస్తారు. ఇంట్లో ఉంచితే జాలిపడి ఎవరో ఒకరు ఆమెకి పెట్టేస్తారు. కాబట్టి తింటున్నాను. ఆరయ్యాయి. ఏడోది చేతిలో ఉంది. దీంతో కలిపి ఇంకా పద్నాలుగు. రేపటికల్లా అయిపోవాలి.

ఆమె స్టెంట్ నిలుస్తుందో లేదో తెలీదు. సగం బిళ్ళ తక్కువేమో. ఈ సాయంత్రమే గుండె పట్టుకుంటుందేమో. ఆమె తర్వాత ఎవరికైనా నాళం పూడుకుపోతే అడగడానికి పెట్టె కూడా లేదు.

తర్వాత ఈ పుస్తకం పట్టుకునేవాళ్ళకి ఒక మాట. కప్పులు ఎప్పుడైనా దొరికితే, కప్పు తీసే ముందు రొట్టె పంచావా అని అడగండి. లేదంటారు. నమ్మకండి.

ఈ పేజీ మీద మరక నాదే. ఇందాకటి నుంచి ముక్కులోంచి రక్తం కారుతోంది. కొంగు అడ్డం పెట్టుకున్నాను.

పారమ్మ లోపల నుంచి పిలిచింది. "ఒదినా, ఎంతమంది తెచ్చారు?"

"పదిళ్ళూ తెచ్చారు."

"ఎవరూ తప్పలేదా?"

"ఎవరూ తప్పలేదే. మీ అన్నకి కూడా ఎవరూ తప్పలేదు," అన్నాను.